బరోలో కొండల్లో నెబ్బియోలో: ఎక్కడ దిగాలి, ఏది రుచి చూడాలి

ఇటలీకి వాయవ్యాన ఉన్న పీడ్‌మాంట్‌లో, ఆల్బా పట్టణం చుట్టూ పరుచుకున్న లాంగే కొండలకు మేము అక్టోబరులో వెళ్ళాము. నెబ్బియోలో ద్రాక్ష కోతకు వచ్చేదీ, ఆల్బాలో తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత జరిగేదీ ఆ రోజుల్లోనే కనుక ఊళ్ళన్నీ కళకళలాడుతుంటాయి. గదుల అద్దెలూ అప్పుడే కొండెక్కుతాయి. వైన్ కోసమే వెళ్ళేవారికి మే, జూన్ నెలలు మేలని నా అభిప్రాయం.

తొరీనో నుంచి బ్రా మీదుగా ఆల్బా వరకు లోకల్ రైలు ఉంది. ఆ తరువాతే చిక్కు: కొండల మీది ఊళ్ళకు బస్సులు తక్కువ, ఆదివారాలు మరీ తక్కువ. కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. అక్కడి చట్టం లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలు దాటనివ్వదు, నెబ్బియోలోతో చేసే ఇక్కడి పేరుమోసిన ఎర్ర వైన్ బరోలోలోనేమో కనీసం 13 శాతం ఆల్కహాలు ఉండితీరాలి. కాబట్టి కారు నడిపేవారు పుక్కిలించి ఉమ్మేయడానికి సిద్ధపడాలి. ప్రతి వైన్ శాలలోనూ అందుకోసం ఒక పాత్ర పెడతారు, దానిని వాడినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు.

బస విషయంలో ముందు ఆల్బాలో హోటలులోను, ఆ తరువాత కొండ మీది ఊరు లా మొర్రాలో ఒక రైతు ఇంటిలోను దిగాము. హోటలులో లిఫ్టు, రైలు స్టేషను దగ్గరితనం, రాత్రి పొద్దుపోయాక కూడా భోజనం దొరకడం సుఖమే. కానీ తోటలు చూడాలంటే రోజూ కొండ ఎక్కి దిగవలసిందే. అగ్రితురిజ్మో అని పిలిచే రైతు బసలో మెట్లు నిటారుగా ఉన్నాయి, రాత్రి భోజనం కావాలంటే పొద్దున్నే చెప్పాలి. అయినా కిటికీ తెరిస్తే ద్రాక్షతోట, ఉదయం ఫలహారంలో ఆ కొండల్లోనే పండిన హేజెల్‌నట్లతో చేసిన కేకు, తన తోట గురించి విసుగులేకుండా చెప్పే యజమానురాలు ఉన్నచోట ఆ లోపాలు లెక్కలోకి రావు. కారు లేనివారికి ఆల్బా, ఉన్నవారికి లా మొర్రా.

ఇక అసలు సంగతికి వస్తే, ఎర్ర వైన్ అనగానే చిక్కని ముదురు రంగును ఊహించుకునేవారిని నెబ్బియోలో ఆశ్చర్యపరుస్తుంది. గ్లాసు వెనుక పెట్టిన వేలు కనబడేంత పలుచని రంగు, వయసు పెరిగే కొద్దీ అంచున ఇటుక రంగు. ఎండిన గులాబీ రేకులు, చెర్రీ, కాస్త తారు కలిసిన సువాసన వస్తుంది. ఇంత సుకుమారంగా కనిపించేది నోట్లో పడగానే నేరేడు పండు తిన్నట్టు నాలుకను పట్టేస్తుంది. ఆ వగరుకు పదునైన పులుపు తోడవడం వల్లనే ఇది ఏళ్ళ తరబడి నిలవగలుగుతుంది. నిబంధనల ప్రకారం బరోలో పూర్తిగా నెబ్బియోలోతోనే తయారవ్వాలి; 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాల్లో మాగాలి. సీసా మీద రిజెర్వా అని రాయాలంటే 62 నెలలు. పెద్ద పాత పీపాలా, చిన్న ఫ్రెంచి ఓక్ పీపాలా అన్న తగవు 1980లలో ఇక్కడ తండ్రీకొడుకులను కూడా విడదీసింది. చిన్న పీపాల వైన్‌లో వెనిల్లా వాసన గులాబీని కప్పేస్తోందని నాకు అనిపించింది.

బరోలో అనే పేరుకు హక్కున్నవి 11 గ్రామాలు. అన్నీ తిరగనక్కరలేదు, లా మొర్రా, సెర్రలుంగా రెండూ చూస్తే చాలు. పడమటి వైపున్న లా మొర్రాలో నీలిబూడిద రంగు సున్నపు బంకమన్ను. అక్కడి వైన్ మెత్తగా, సువాసనతో త్వరగా మచ్చికవుతుంది. తూర్పున సెర్రలుంగాలో నేల ఇంకా పాతది, గట్టిది. వైన్ బిగువుగా ఉండి, కనీసం పదేళ్ళు ఆగమంటుంది. ఒకే ఏడాది పంట నుంచి ఈ రెండు ఊళ్ళ వైన్‌లనూ పక్కపక్కన పెట్టి తాగితే తేడా తెలిసిపోతుంది. బరోలో ఊరి కోట నేలమాళిగలోని ఎనోటెకాలో (రుచి చూపించి వైన్ అమ్మే చోటు) అనేక ఉత్పత్తిదారుల సీసాలు ఒకేచోట ఉంటాయి కాబట్టి అలా పోల్చుకోవడానికి వీలుంటుంది. పైనున్న వైన్ మ్యూజియం పిల్లలతో వెళ్ళేవారికి నచ్చుతుంది. బ్రునాతె తోటల నడుమ చిత్రకారులు సోల్ లెవిట్, డేవిడ్ ట్రెమ్లెట్ 1999లో రంగులద్దిన చిన్న ప్రార్థనాలయం వద్ద పావుగంట చాలు.

ముందుగా రాసి సమయం తీసుకోకుండా వైన్ శాలలకు వెళ్ళకూడదు. పేరుమోసిన ఒక పెద్ద శాలలో సమయం తీసుకున్నా గంటసేపు నిలబెట్టి, బట్టీపట్టిన ఉపన్యాసం అప్పజెప్పారు. చిన్న కుటుంబాల వద్ద మాత్రం పీపా నుంచే తీసి రుచి చూపించారు. గుడ్డు తినే శాకాహారులు వెన్న, సేజ్ ఆకులతో చేసిన తజరీన్ (గుడ్డు సొనతో చేసే సన్నని పాస్తా) అడగవచ్చు. బాన్యా కౌదా కూరగాయల వంటకంలా కనిపించినా అందులో చేప ఉంటుంది.

కొనుగోళ్ళ గురించి ఒక మాట. భారత్‌కు మనిషికి 2 లీటర్ల వరకే సుంకం లేకుండా తేవచ్చు, అంటే రెండు సీసాలు. మన ఎండల్లో చల్లని అర లేకుండా బరోలోను ఏళ్ళ తరబడి దాచడం కుదరదు. అందుకని సెర్రలుంగా వైన్‌ను అక్కడే ఏదైనా ఎనోటెకాలో పాత సంవత్సరానిది గ్లాసు చొప్పున తాగి, ఇంటికి లాంగే నెబ్బియోలో తెచ్చుకోవడం మంచిది. ద్రాక్ష అదే, ధర చాలా తక్కువ, వెంటనే తాగవచ్చు.