ఫాలోఆనా, మళ్లీ బ్యాటింగా?

తిరుపతి బాలాజీ కాలనీ టీకొట్టు దగ్గర టెస్టు మ్యాచ్ వచ్చిందంటే రెండు పార్టీలే. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం 200 దాటగానే "ఫాలోఆన్ ఆడించేయాలన్నా, టైం మిగుల్తుంది" అనేది ఒకటి; అంటే ఎదుటోళ్లని వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దింపడం. కాదు, మనమే మళ్లీ బ్యాటింగ్ చేయాలనేది రెండోది. వానొచ్చే సూచనుంటే నేనూ ఫాలోఆన్ వైపే.

కానీ ఎండలో రోజంతా పరిగెత్తిన పేసర్‌కి వెంటనే మళ్లీ బంతిస్తే వాడేం మనిషా, మరబొమ్మా? 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా 274 పరుగుల ఆధిక్యంతో అదే చేశాడు. మన లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. చివరికి ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడింది.

మళ్లీ బ్యాటింగైతే బౌలర్లకు విశ్రాంతి, పగుళ్లిచ్చిన పిచ్ మీద ఆఖర్న ఆడే కర్మ ఎదుటోళ్లది. డ్రా భయం ఉంది, నిజమే. అయినా ఎండ కాస్తుంటే నా ఓటు దీనికే. డిక్లరేషన్, అంటే మన బ్యాటింగ్ చాలించడం, ఎప్పుడన్నది మాత్రం ఇంకో టీకి సరిపడా గొడవ.