పూలతో సహా వచ్చే కార్నేషన్ మొక్కలు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు ఒకటి పైకెత్తి వేర్లు చూడండి

డిసెంబర్ మొదటి వారంలో ఒక షాపింగ్ యాప్‌లో నాలుగు కార్నేషన్ మొక్కల కాంబో కొన్నాను. 899 రూపాయలు. రెండు ఎరుపు, ఒకటి తెలుపు, ఒకటి నీలం. పూలతో వస్తాయి, పైగా విత్తనాల ప్యాకెట్ ఉచితం అని రాశారు. మీరెవరైనా ఇలాంటిదే కార్ట్‌లో పెట్టుకుని ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

పార్సిల్ చక్కగానే వచ్చింది. చిన్న నల్ల కుండీలు, తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక్కోదాంట్లో జానెడు కాడ, కొసన పెద్ద పువ్వు. మియాపూర్‌లో మా బాల్కనీకి ఉదయం ఎండ బాగా తగులుతుంది, పైగా చలికాలం, ఇంకేం కావాలి అనుకున్నాను. అదే రోజు ఫైవ్ స్టార్ రేటింగ్ కూడా ఇచ్చేశాను. ఆ తొందర నాదే.

పది రోజులు పూలు చెక్కుచెదరలేదు. కిటుకంతా ఇక్కడే ఉంది. కార్నేషన్ చాలా మొండి పువ్వు. కోసి నీళ్లలో పెడితే రెండు వారాలు తేలిగ్గా నిలుస్తుంది, బొకేలు కట్టేవాళ్లకి అందుకే అంత ఇష్టం. తడి కోకోపీట్‌లో గుచ్చినా వారం పైన తాజాగానే కనిపిస్తుంది. ఆ యాప్‌లో మొక్కల రిటర్న్ గడువు ఏడు రోజులు. లెక్క అర్థమైంది కదా!

పన్నెండో రోజు నీలం పువ్వు తల వాల్చేసింది. కార్నేషన్‌కి కుండీలో నీళ్లు నిలిస్తే పడదు, వేర్లకి ఫంగస్ పట్టి మొక్క మొత్తం వాడిపోతుంది. నీళ్లెక్కువ పోశానేమో చూద్దామని మెల్లగా లాగాను. అగరుబత్తి స్టాండులోంచి పుల్ల తీసినట్టు వచ్చేసింది. ఒక్క వేరు లేదు. కాడ చివర కత్తితో ఏటవాలుగా కోసిన కోత, ఆ కోతలో సన్నటి నీలం వలయం. వేలితో రుద్దితే రంగు గోటికి అంటింది. మిగతా మూడూ పీకి చూశాను, అన్నీ కోసిన కాడలే.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఫోన్లో ఫొటో చూపిస్తే ఒక వ్యాపారి నవ్వేశాడు. "ఇవి మా దగ్గర 20 కాడల కట్టలో వచ్చేవే మేడమ్, మట్టిలో గుచ్చి పంపారంతే" అన్నాడు. తెల్ల కార్నేషన్లని రాత్రంతా రంగు నీళ్లలో నిలబెడితే తెల్లారేసరికి రేకులు నీలంగా మారిపోతాయట. అసలు కార్నేషన్‌లో నీలం పుట్టించే రంగు పదార్థమే లేదు. 1990లలో ఆస్ట్రేలియాలో పెటూనియా జన్యువు చొప్పించి ఒక రకం తెచ్చారు, అది కూడా ఊదా రంగే. సిరా నీలం కార్నేషన్ "మొక్క" అని కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

ఇక ఉచిత విత్తనాలు. కార్నేషన్ విత్తనం నల్లగా, పల్చగా, చదునుగా ఉంటుందని తర్వాత తెలిసింది. నాకొచ్చినవి గుండ్రంగా నిగనిగలాడుతున్నాయి. శుభ్రంగా మొలిచాయి కూడా. ఆకులు చూసి మా అత్తయ్య "కార్నేషనా పాడా, తోటకూర కదే ఇది" అంది. పులుసులోకి సరిపోయింది. 899లో దక్కింది అదొక్కటే.

నిజం మొక్కైతే కాడ మొదలు దగ్గర పిలకలుంటాయి, కుండీ అడుగు రంధ్రంలోంచి వేర్లు తొంగి చూస్తుంటాయి. బొటనవేలంత కుండీలో ఒంటి కాడ, దాని మీద బొకే సైజు పువ్వు ఉందంటే అనుమానించాల్సిందే. నర్సరీల్లో కార్నేషన్ అని చెప్పి డయాంథస్ ఇస్తుంటారు, దాన్ని నేను మోసం అనను. దగ్గరి చుట్టమే, పొట్టిగా ఉండి మన చలికాలంలో బాగా పూస్తుంది. కార్నేషన్ రేటు మాత్రం ఇవ్వకండి. అసలు కార్నేషన్ ఊటీ, కొడైకెనాల్ వైపు చల్లటి చోట్ల పాలీహౌస్‌లలో (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్లలో) పెంచే పంట. పగలు 30 డిగ్రీలు దాటితే తట్టుకోలేదు. మా ఆర్డర్ పేజీలో "ఏడాది పొడవునా పూస్తుంది, ఎండకి ఢోకా లేదు" అని ఉంది. చదివి కూడా నమ్మాను.

యాప్ చాట్‌లో అడిగితే "రిటర్న్ గడువు ముగిసింది" అన్న ఒక్క ముక్కే పదే పదే వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, పీకిన కాడల ఫొటోలు, ఆర్డర్ స్క్రీన్‌షాట్ జత చేశాను. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటే కేసు గట్టిగా ఉండేది, నా దగ్గర లేదు. మీరు తీయండి. కత్తెర పెట్టిన దగ్గర్నుంచి మొక్కని ముద్దతో సహా ఎత్తి వేర్లు చూపించేదాకా ఒకే వీడియో. వేర్లున్న మొక్కని అలా ఒకసారి ఎత్తి పెడితే దానికేం కాదు. గడువులోపే చేయండి, పువ్వు వాడేదాకా ఆగొద్దు.

ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. నా ఫైవ్ స్టార్‌ని ఒక్క స్టార్‌కి మార్చి, నీలం కాడ ఫొటో పెట్టాను. నిన్న రాత్రి చూస్తే ఆ పేజీ అలాగే ఉంది. రేటు 749కి తగ్గించి, కింద ఎర్ర అక్షరాలతో "మూడే మిగిలాయి" అని రాశారు.