ఫ్రీబీఎస్‌డీ బూట్ కాకపోతే: వర్చువల్‌బాక్స్ మేలా, క్యూఎమ్యూ మేలా?

వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోనే ప్రోగ్రాముతో నడిపే ఇంకో కంప్యూటర్‌లో) ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ నల్ల తెర దగ్గరే ఆగిపోయిందని రాసేవారు దాదాపు అందరూ వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారు: వర్చువల్‌బాక్స్ వదిలేసి క్యూఎమ్యూకు మారాలా? రెండూ అలాంటి మెషీన్లను నడిపే ప్రోగ్రాములే. మారినంత మాత్రాన బూట్ అవుతుందన్న హామీ లేదు. ఎందుకు కావడం లేదో కనిపెట్టడం మాత్రం సులువవుతుంది. ఎంపికను తేల్చాల్సింది ఆ ఒక్క విషయమేనని నా అభిప్రాయం.

అమర్చుకోవడంలో వర్చువల్‌బాక్స్‌దే పైచేయి. కంప్యూటర్‌ను లేపే పాత పద్ధతి బయోస్ నుంచి కొత్త పద్ధతి ఈఎఫ్‌ఐకి మారాలంటే సెట్టింగ్స్‌లో ఒక టిక్ చాలు. క్యూఎమ్యూ మామూలుగా సీబయోస్ అనే బయోస్‌తో మొదలవుతుంది. ఈఎఫ్‌ఐ కావాలంటే ఆ పని చేసే ఓవీఎంఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఫైలు ఎక్కడుందో మనమే చెప్పాలి. ఒక పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన డిస్కును రెండో పద్ధతిలో లేపాలని చూస్తే అది లేవకపోవచ్చు. కాబట్టి ముందుగా చూడాల్సింది ఇదే. విండోస్‌లో దాని సొంత వర్చువల్ మెషీన్ ఏర్పాటైన హైపర్‌-వీ నడుస్తుంటే వర్చువల్‌బాక్స్ కింది పట్టీలో తాబేలు బొమ్మ కనిపిస్తుంది, అంటే మెషీన్ నెమ్మదిగా నడవవచ్చని. ఆ బొమ్మ పెట్టినవారికి హాస్యం బాగా తెలుసు.

అసలు తేడా సీరియల్ కన్సోల్ (సందేశాలను సీరియల్ పోర్టు గుండా అక్షరాలుగా పంపే దారి) దగ్గర ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్ కుప్పకూలే ముందు చెప్పే చివరి నాలుగు వరుసలే మనకు ఆధారం. గ్రాఫిక్ తెరపై అవి పైకి జారిపోతాయి, లేదా తెర మారగానే మాయమవుతాయి. క్యూఎమ్యూలో సీరియల్ పోర్టును టెర్మినల్‌కు కలపడానికి ఒక్క ఐచ్ఛికం చాలు. కెర్నల్‌ను ఎత్తుకొచ్చే ఫ్రీబీఎస్‌డీ లోడర్ ప్రాంప్ట్‌లో కన్సోల్‌ను కామ్‌కన్సోల్‌గా (అంటే సీరియల్ పోర్టుకు) మార్చి, వెర్బోస్‌గా (ప్రతి అడుగూ చెప్పేలా) బూట్ చేస్తే, ప్రతి వరుసా అక్షరాలుగా చేతికి వస్తుంది. వెతకవచ్చు, కాపీ చేయవచ్చు, అక్కడే టైపు చేసి జవాబూ ఇవ్వవచ్చు. వర్చువల్‌బాక్స్‌లోనూ సీరియల్ పోర్టు ఉంది. ఫైలుకు పంపితే చదవడానికే పనికొస్తుంది. టైపు చేయాలంటే పైపో, టీసీపీ (నెట్‌వర్క్) కనెక్షనో అమర్చుకోవాలి. కుదరదని కాదు, అంత ఓపిక ఎవరికి?

మాటిమాటికీ రీబూట్ అయ్యే మెషీన్‌కు క్యూఎమ్యూలో 'నో-రీబూట్' పెడితే, మళ్లీ మొదలయ్యే బదులు అక్కడే ఆగిపోతుంది. చివరి వరుసలు టెర్మినల్‌లో మిగిలే ఉంటాయి. కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసేవారికి అడిగితే 1234 పోర్టులో జీడీబీ (తప్పులు వెతికే డీబగ్గర్) కలుపుకునే ఏర్పాటు కూడా ఉంది.

అయితే మారేటప్పుడే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. వర్చువల్‌బాక్స్‌లో సాటా డిస్కు పేరు ఏడీఏ0. అదే డిస్కును క్యూఎమ్యూలో వర్టియో (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన డిస్కు పద్ధతి) కింద పెడితే వీటీబీడీ0 అవుతుంది. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో పాత పేరే ఉంటుంది కనుక యూఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లోని రూట్ (మొదట తెరవాల్సిన విభాగం) దొరకక కెర్నల్ 'మౌంట్‌రూట్' ప్రాంప్ట్ దగ్గర నిలబడుతుంది. చాలామంది దీన్ని చూసి క్యూఎమ్యూనే తిడతారు. అక్కడ ప్రశ్నార్థకం కొడితే ఉన్న డిస్కుల జాబితా వస్తుంది; సరైన విభాగం పేరు ఇస్తే బూట్ కొనసాగుతుంది. తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పరికరం పేరు తీసేసి జీపీటీ లేబుల్ (విభాగానికి మనం పెట్టుకున్న పేరు) రాయండి, ఇక ఏ కంట్రోలర్‌కు మార్చినా గొడవ ఉండదు. రూట్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ మీద ఉంటే ఈ బెడద లేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో స్వాప్ (మెమరీకి తోడుగా వాడే డిస్కు భాగం) వరుసను మాత్రం చూసుకోవాలి.

ఇలాంటిదే మరో ప్రోగ్రాము వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం, బాగానే నడుస్తుంది. హోస్టే (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటరే) ఫ్రీబీఎస్‌డీ అయితే, దాని సొంత ప్రోగ్రాము బీహైవ్ ఉండనే ఉంది. ఆపిల్ సిలికాన్ మ్యాక్ ఉన్నవారు యూటీఎం అనే యాప్‌లో, ఆ చిప్‌ల రకమైన ఆర్మ్64 కోసం చేసిన ఇమేజ్ వాడాలి. ఇంటెల్ ఇమేజ్ ఎమ్యులేషన్‌లో నత్తనడకే.

రోజువారీ పనికి వర్చువల్‌బాక్స్‌ను నిశ్చింతగా ఉంచుకోండి. బూట్ ఆగిన రోజున డిస్కును నకలు తీసి క్యూఎమ్యూలో తెరవండి. దానికి ముందు ఫ్రీబీఎస్‌డీ వారే ఇచ్చే సిద్ధ ఇమేజ్‌ను అదే అమరికలో ఒకసారి బూట్ చేసి చూడండి. అది లేస్తే తప్పు మీ డిస్కులో ఉంది. లేవకపోతే మెషీన్ సెట్టింగ్స్‌లోనో, హోస్టులోనో వెతకాలి.