అజెరోత్ నుంచి టిరియా దాకా: ఆన్‌లైన్ ఫాంటసీ లోకాల్లో తిరుగుడు

ఇంటర్నెట్‌లో వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆటల్లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ ఒకటి, దాని లోకం పేరు అజెరోత్. అందులో నైట్ ఎల్ఫ్ జాతి ఎంచుకుని మొదలుపెడితే ఒక తిప్పలు తప్పదు. మనం పుట్టే టెల్డ్రసిల్ సముద్రానికి అవతల ఎక్కడో ఉంటుంది. స్నేహితులేమో మనుషుల జాతి ఎంచుకుని స్టార్మ్‌విండ్ చుట్టుపక్కల తిరుగుతుంటారు. వాళ్లను కలవాలంటే ఆబర్‌డైన్ రేవులో పడవెక్కి మెనెథిల్ హార్బర్‌లో దిగాలి. అక్కణ్నుంచి కాలినడకే. దారి వెట్‌లాండ్స్ అనే చిత్తడి నేల మీదుగా పోతుంది. మన లెవెల్ పదో పన్నెండో, అక్కడి మొసళ్లది ఇరవై పైమాటే. లెవెల్ అంకె ఉండాల్సిన చోట పుర్రె బొమ్మ కనిపించిందంటే ఇక ఆలోచించేదేమీ లేదు, పరుగే. చచ్చి, దెయ్యమై, శ్మశానం నుంచి మన శవం దాకా ఉరికి, లేచి నాలుగడుగులు వేసి మళ్లీ చచ్చి... ఐరన్‌ఫోర్జ్ గేటు కనబడేసరికి ప్రాణం లేచొస్తుంది. అక్కడ డీప్‌రన్ ట్రామ్ ఎక్కితే టికెట్ లేకుండా స్టార్మ్‌విండ్‌లో దింపుతుంది.

ఆ దారి మలుపులతో సహా నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత తిరిగిన లోకాల్లో చాలావాటి దారులు గుర్తులేవు. అందుకే ఈ గేమ్స్‌లో యుద్ధాల సంగతి పక్కనపెట్టి, ఊళ్లు చూసొచ్చినవాడిలా ప్రయాణం, బస, సర్వీసు ఎలా ఉన్నాయో చెప్తాను.

2004 నవంబర్‌లో వచ్చిన ఆటను దాదాపు ఆనాటి రూపంలోనే 2019లో మళ్లీ తెరిచారు, అదే క్లాసిక్. బస విషయంలో దీని ఏర్పాటు భలే తెలివైనది. సత్రంలో లాగౌట్ అయితే ఎనిమిది గంటలకు ఒక లెవెల్‌లో ఐదు శాతం చొప్పున రెస్టెడ్ బోనస్ జమవుతుంది. అడవిలో ఆపేస్తే అందులో నాలుగో వంతే. ఆ బోనస్ ఉన్నంతసేపు చంపిన ప్రతిదానికీ రెట్టింపు ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెంచే పాయింట్లు, వస్తుంది. దాంతో ఆట ఆపేముందు ఎవరికివాళ్లు ఊరు చేరతారు, సత్రాలు జనంతో కళకళలాడతాయి. లోపాలు లేవా అంటే బోలెడు. లెవెల్ 40 దాకా ఎక్కడానికి గుర్రం కూడా లేదు. ఒక ఉత్తరం ఇచ్చిరమ్మని ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు పంపే క్వెస్టులున్నాయి. రాత్రిపూట గంటసేపే ఆడగలిగినవాళ్లకు ఆ గంటా నడకకే సరి.

ఆ బాధ తీర్చడానికే అసలు వార్‌క్రాఫ్ట్‌లో 2009 డిసెంబర్‌లో డంజన్ ఫైండర్ తెచ్చారు. డంజన్ అంటే ఐదుగురు జట్టుగా దిగి శత్రువులతో పోరాడే చోటు. క్యూలో పేరు నమోదు చేస్తే చాలు, పిలుపు రాగానే నేరుగా డంజన్ లోపల తేలతాం. పక్కనున్న నలుగురూ ఒక్క మాట మాట్లాడకుండా పని ముగించి మాయమవుతారు. సుఖమే, కాదనను. కానీ ఆ డంజన్ ఏ కొండ కింద ఉందో కూడా చూడకుండా వెళ్లొచ్చామన్నమాట.

నడకకీ సుఖానికీ మధ్య లంకె సరిగ్గా కుదిరింది గిల్డ్ వార్స్ 2లోనే అని నా అభిప్రాయం. ఇది 2012 ఆగస్టులో వచ్చింది. నెలనెలా చందా లేదు. దీని లోకమైన టిరియా మ్యాప్ నిండా వేపాయింట్లే, కాస్త చిల్లర ఇస్తే దేనికైనా ఎగిరిపోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది: ముందు ఆ చోటికి మన కాళ్లతో వెళ్లి దాన్ని తెరుచుకోవాలి. ఇంకా విస్టాలని ఉంటాయి. రాళ్ల మీదా, పైకప్పుల మీదా గెంతుతూ ఎక్కి అక్కడికి చేరితే కెమెరా మన భుజం వదిలి లోయంతా ఒక చుట్టు చుట్టి చూపిస్తుంది. వచ్చేది కొద్దిపాటి ఎక్స్‌పీయే, అయినా కనబడ్డ ప్రతిదీ ఎక్కబుద్ధవుతుంది. 2017 విస్తరణలో, అంటే ఆటకు అదనంగా కలిపిన పెద్ద భాగంలో, వచ్చిన మౌంట్లు (ఎక్కి తిరిగే జంతువులు) కూడా ఒట్టి స్పీడు కోసం కాదు. రాప్టర్ అగాధాలు దాటుతుంది, స్ప్రింగర్ నిట్టనిలువుగా గెంతుతుంది, స్కిమ్మర్ నీళ్ల మీద జారిపోతుంది. ఏ దారికి ఏది ఎక్కాలో చూసుకోవాలి. క్వీన్స్‌డేల్ లాంటి మొదటి ఊళ్లకు లెవెల్ 80లో వెళ్లినా ఆట మన బలాన్ని ఆ చోటికి తగ్గట్టు తగ్గిస్తుంది కాబట్టి పాత ఊళ్లు పాడుబడవు. షాడో బెహిమోత్ అనే భారీ రాక్షసుడు లేచే వేళకు కొత్తవాళ్లూ పాతకాపులూ ఒకే చిత్తడిలో గుమిగూడతారు. పడిపోయినవాణ్ని దారినపోయే ఎవరైనా లేపొచ్చు. పార్టీ అక్కర్లేదు, పరిచయమూ అక్కర్లేదు.

మరి వంక? జనం ఎక్కువైతే స్క్రీన్ మొత్తం మెరుపులే, ఎవర్ని కొడుతున్నామో మనకే తెలియదు. కథ కూడా ముక్కలుముక్కలు. లివింగ్ వరల్డ్ పేరుతో విడతలుగా వచ్చే కథలో పాత భాగాలు విడుదలైనప్పుడు లాగిన్ కాని వాళ్లు వాటిని విడిగా కొనుక్కోవాల్సి రావడంతో, మధ్యలో చేరినవాడికి కథ తలాతోకా అందదు.

బసకి మాత్రం ఫైనల్ ఫాంటసీ 14ను మించింది లేదు. లిమ్సా లొమిన్సాలో మిజెన్‌మాస్ట్ సత్రం ఉంది. గది తీసుకుని అక్కడ లాగౌట్ అయితే, మళ్లీ లాగిన్ అయినప్పుడు మన పాత్ర మంచం మీంచి లేస్తుంది. గదిలో ఒక పుస్తకం ఉంటుంది, అది తెరిస్తే చూసేసిన కథా సన్నివేశాలన్నీ మళ్లీ వేసుకోవచ్చు. ఇలాంటి చిన్న చిన్న మర్యాదలు ఎవరికో తట్టాయి చూడండి, వాళ్లకో దణ్ణం. నిజానికి 2010లో వచ్చిన మొదటి రూపం ఘోరంగా విఫలమైతే, నావొకి యొషిదా పగ్గాలు తీసుకుని ఆటను మళ్లీ కట్టించారు. 2012 నవంబర్‌లో పాత సర్వర్లు మూసి, 2013 ఆగస్టులో కొత్తది తెరిచారు. ఫ్రీ ట్రయల్ కూడా ఉదారమే: లెవెల్ 70 వరకు, రెండు విస్తరణలతో సహా. కాకపోతే ట్రయల్‌వాళ్లు మార్కెట్ బోర్డు వాడలేరు, ఫ్రీ కంపెనీలో (ఆటగాళ్ల సంఘంలో) చేరలేరు.

ఇక్కడ దారి కంటే కథే పెద్దది. మొదటి భాగం సాగీ సాగీ, ఒకే మనిషి దగ్గరకు పదేపదే రిపోర్ట్ ఇవ్వడానికి తిప్పుతుంది. 2020లో కొంత కత్తిరించారు, ఇంకా కత్తిరించాల్సింది. సొంతిల్లు కావాలంటే స్థలం కోసం లాటరీలో నిలబడాలి. వార్డుకు, అంటే ఒక్కో ఇళ్ల పేటకు, 60 స్థలాలు, ఆశపడేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో ఆ చిక్కు లేదు, ఇల్లు ఎవరికి వాళ్లకే. సత్రంలో ఒక గది చిన్న క్వెస్ట్ చేస్తే ఉచితంగా వస్తుంది. 2016 అక్టోబర్‌లో వన్ టామ్రియెల్ అప్‌డేట్ వచ్చాక ఏ ఊరికి ఏ లెవెల్‌లోనైనా పోవచ్చు. దారిలో ఎవరు పలకరించినా గొంతుతో మాట్లాడతారు, ఇది నాకు చాలా నచ్చింది. కానీ భయం లేదు. ఎక్కడికి పోయినా శత్రువు మన స్థాయికే ఉంటే అడవికీ ఊరికీ తేడా ఏముంది? పైగా అందరికీ కలిపి ఒక సంత లేదు. కొనాల్సింది ఏ గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) దుకాణంలో ఉందో ఊరూరా వెతుక్కోవాలి. క్రాఫ్టింగ్ సామాను అంతులేకుండా దాచుకునే సంచి కేవలం చందాదారులకే. ఆ ఒక్క సంచి కోసమే చందా కట్టేవాళ్లున్నారు.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ చూడ్డానికి ఏమీ బాగోదు. 2007 నాటి ఆటను 2013లో తిరిగి తెచ్చారు, చెట్లు నాలుగు పలకలు అతికించినట్టుంటాయి. అయినా వీధి సందడి చూడాలంటే ఇక్కడికే రావాలి. వారాక్ ఊరి పక్కన గ్రాండ్ ఎక్స్చేంజ్ అనే సంత దగ్గర నిలబడితే అమ్మేవాళ్లు, అడుక్కునేవాళ్లు, ఊరికే వాగేవాళ్లు, "నా వెంట రా, గోల్డ్ ఇస్తా" అని, ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగల వైల్డర్నెస్ వైపు లాక్కుపోయే మోసగాళ్లు, అందరూ తగులుతారు. బరువు మోస్తే పరుగెత్తే శక్తి తొందరగా అయిపోతుంది. కాబట్టి ఏం పట్టుకెళ్లాలో, ఏం బ్యాంకులో వదలాలో బయల్దేరే ముందే ఆలోచించుకోవాలి. ఆటలో పెద్ద మార్పులు చేయాలంటే ఆడేవాళ్ల ఓటుకు పెడతారు, ఇది మరెక్కడా చూడలేదు. ఇంకో లాభం: ఆట 0.6 సెకన్లకు ఒక అడుగు చొప్పున నడుస్తుంది కాబట్టి దూరపు సర్వర్ అయినా పెద్దగా తేడా తెలియదు. వేగంగా తప్పుకోవాల్సిన ఆటల్లో అలా కాదు. పింగ్, అంటే మనకూ సర్వర్‌కూ మధ్య ఆలస్యం, 200 మిల్లీసెకన్లు దాటితే, స్క్రీన్ మీద మంట నుంచి బయటికొచ్చేసినా సర్వర్ లెక్కలో ఇంకా అందులోనే ఉంటాం.

సర్వీసు గురించి ఒక మాట. ఒక ఆటలో, పేరెందుకులెండి, నెట్‌వర్క్ మార్చి లాగిన్ అయ్యానని నా అకౌంట్ లాక్ చేశారు. టికెట్ పెడితే అంతకుముందే నేను చేసి చూశానని రాసిన పనులన్నీ మళ్లీ చేయమంటూ ఆటోమేటిక్ జవాబు. మనిషి పలికేసరికి గిల్డ్‌వాళ్లు రెయిడ్‌లో (గుంపుగా చేసే పెద్ద దాడిలో) నా చోటు వేరేవాళ్లకిచ్చేశారు. దీనికి భిన్నంగా, 2021 డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 14కు జనం పోటెత్తి క్యూలు గంటల తరబడి సాగినప్పుడు, వాళ్లు కొత్త కాపీల అమ్మకమే ఆపేసి, చందాదారులకు ఉచితంగా రోజులు కలిపారు. అమ్మకాలు ఆపుకున్న వ్యాపారం నాకు తెలిసి అరుదు.

కొన్నాళ్లు వదిలేసి తిరిగొస్తే ఎలా ఉంటుందన్నది కూడా చూసుకోవాలి. వార్‌క్రాఫ్ట్ ప్రధాన వెర్షన్‌లో (క్లాసిక్‌లో కాదు) కొత్త విస్తరణ రాగానే, రాత్రుళ్లు మేలుకుని సంపాదించిన ఆయుధాలూ కవచాలూ అన్నీ తుక్కు కింద లెక్క. ఫైనల్ ఫాంటసీలో 45 రోజులు గడప తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు. గిల్డ్ వార్స్‌లో మాత్రం లెవెల్ పరిమితి 2012 నుంచీ 80 దగ్గరే ఉంది, ఏళ్ల కిందటి కత్తి ఇప్పటికీ పనికొస్తుంది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో మాత్రం మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి.