పార్టులు మార్చుకుంటూ పోవాలా, అమ్మేసి ఇంకోటి కొనాలా? ఎంటీబీ విషయంలో ఏది మేలు?

తిరుపతిలో ఎంటీబీ (మౌంటెన్ బైక్, కొండ సైకిల్) తొక్కేవాళ్ళు నలుగురు టీ దగ్గర ఆగారంటే మాట దారుల మీద మొదలై బేరాల్లోకి దిగుతుంది. ఒకరు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం) అమ్మాలంటారు, ఒకరు చక్రాలు వెతుకుతుంటారు, ఇంకొకరు మొన్న ఉగాదికి కొన్న సైకిల్‌ని అప్పుడే ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేసి ఉంటారు. ఇంట్లోవాళ్ళకు ఇదంతా పిచ్చి. కొంత పిచ్చి ఉన్నమాట నిజమే, కానీ అసలు తిరకాసు ఈ సైకిళ్ళను తయారుచేసే పద్ధతిలోనే ఉంది.

మొదటి సైకిల్ కొనేటప్పుడు మనకేం కావాలో మనకే తెలీదు. ఇరవై వేల లోపు ధర, ముందు సస్పెన్షన్, 21 గేర్లు, చూడ్డానికి దిట్టంగా ఉంటే చాలనుకుంటాం. అలిపిరి నుంచి చంద్రగిరి కోట దాకా తారు రోడ్డు మీద అది బాగానే పోతుంది. అక్కడి నుంచి మామిడి తోటల మధ్య మట్టిదారి పడితే దాని సంగతి బయటపడుతుంది. స్ప్రింగ్ ఫోర్కు గుంటలో దిగి దబ్బున పైకి లేస్తుంది. చైన్ జారిపోతుంది. మెకానికల్ డిస్క్ బ్రేకు పట్టి పట్టి వేళ్ళు లాగుతాయి. అప్పటి నుంచి చూపంతా పక్కవాళ్ళ సైకిల్ మీదే.

రెండో కారణం కొలతలు. స్పెషలైజ్డ్ కంపెనీ 1981లో స్టంప్‌జంపర్‌తో కొండ సైకిళ్ళను పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టాక దాదాపు ముప్పై ఏళ్ళు 26 అంగుళాల చక్రానిదే రాజ్యం. 2010 తర్వాత కొద్ది కాలంలోనే 29, 27.5 అంగుళాలవి దాన్ని పక్కకు నెట్టేశాయి. వెనక చక్రం నడిమి భాగమైన హబ్ వెడల్పు 135 మిల్లీమీటర్ల నుంచి 142కి, తర్వాత బూస్ట్ పేరుతో 148కి పెరిగింది. గేర్లు తయారుచేసే స్రామ్ కంపెనీ 2012లో ముందు ఒకే చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ళ చక్రం), వెనక 11 గేర్లు పెట్టింది. 2016లో వాటిని 12 చేసింది. ఇలా కొలత మారిన ప్రతిసారీ మంచి పార్టులన్నీ కొత్త కొలతకే వస్తాయి. పాత ఫ్రేముకు దొరికేవి నాసిరకం, లేదంటే అసలు దొరకవు. అందుకే బాగానే నడుస్తున్న సైకిల్‌ని కూడా జనం అమ్మేస్తారు.

ఇప్పుడు మన ముందున్న దారులు చూద్దాం. పాతదానికే పార్టులు మార్చడం ఒకటి. అమ్మేసి కొత్తది కొనడం ఒకటి. అదే డబ్బుకు ఒక మెట్టు పైది సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఇంకొకటి.

ఎక్కువమంది మొదటిదే పట్టుకుంటారు, అదీ ఫోర్కుతోనే మొదలుపెడతారు. స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు వేస్తే బరువు తగ్గుతుంది, మన బరువుకు తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు, మాట నిజమే. కానీ చవక సైకిళ్ళ ఫ్రేములో చాలావరకు పైనుంచి కిందిదాకా ఒకే లావుండే స్టీరర్ గొట్టమే (ఫోర్కు పైన ఫ్రేములోకి దూరే గొట్టం) పడుతుంది. ఇప్పటి మంచి ఫోర్కులు ఎక్కువగా కింద లావైన టేపర్డ్ రకం. వెతికి వెతికి సరిపోయేది పట్టినా, దానికి 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (హబ్‌లోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) ఉంటే సన్న ఇరుసుతో ఉండే మన క్విక్ రిలీజ్ ముందు చక్రం అందులో కూర్చోదు. అంటే చక్రం కొనాలి. ముందు చక్రం మారాక వెనకది పాతగా కనిపిస్తుంది, అది మారిస్తే గేర్లు. కౌపీన సంరక్షణార్థం పిల్లిని తెచ్చి, పిల్లి పాలకు ఆవును తెచ్చి, ఆవును మేపడానికి సంసారం పెట్టుకున్న సన్యాసి కథే ఇది.

గేర్లలో అయితే ఒక మధ్యేమార్గం ఉంది. షిమానో డియోర్ 12 గేర్ల సెట్టులోని 10-51 పళ్ళ క్యాసెట్‌కు (వెనక పళ్ళ చక్రాల గుత్తి) మైక్రో స్ప్లైన్ రకం ఫ్రీహబ్ (హబ్‌లో క్యాసెట్ కూర్చునే భాగం) కావాలి, కాబట్టి హబ్ దాకా వెళ్ళాల్సిందే. అదే డియోర్‌లో 11 గేర్ల 11-51 క్యాసెట్ మామూలు హెచ్‌జీ రకం ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. ముందు చైన్‌రింగ్ ఒక్కటే ఉంచుకుని ఎత్తులెక్కాలంటే నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త: వెనక 7 గేర్లుండే సైకిళ్ళలో చాలావాటికి ఫ్రీహబ్ ఉండదు, మర తిప్పి బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. షాపువాళ్ళు సెట్టు అమ్మేటప్పుడు ఈ మాట ఎత్తరు, మనమే అడగాలి.

ఇవన్నీ మార్చినా ఫ్రేము కోణం మారదు. పాత తరహా సైకిళ్ళలో ముందు గొట్టం 70, 71 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది. ఇప్పటి ట్రెయిల్ హార్డ్‌టెయిళ్ళలో (మట్టిదారుల కోసం చేసిన, వెనక సస్పెన్షన్ లేని సైకిళ్ళు) 65, 66 డిగ్రీల దగ్గర వాలుగా ఉంటుంది. దిగుడులో ముందుకు పల్టీ కొడతామేమో అన్న టెన్షన్ తగ్గించేది ఆ వాలే. అది ఏ షాపులోనూ విడిగా దొరకదు. పైగా కంపెనీలు పార్టులను టోకున కొంటాయి, మనం చిల్లరగా కొంటాం. ఫోర్కు, చక్రాలు, గేర్లు, హైడ్రాలిక్ బ్రేకులు విడివిడిగా కొంటే ఇరవై వేల సైకిల్ మీద అంతకు రెట్టింపు పెట్టినట్టవుతుంది. అమ్మబోతే ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు.

అలాగని పార్టుల జోలికే పోవద్దని కాదు. అరిగేవి, నేలను తాకేవి, మన ఒంటికి తగిలేవి మార్చుకోవచ్చు: టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైను, పెడల్స్, గ్రిప్పులు, సీటు. మన వైపు అన్నిటికంటే ముందు చేయాల్సింది టైర్లపని. స్వర్ణముఖి ఒడ్డున, చెరువు కట్టల మీద తొక్కినవాళ్ళకు పల్లేరు కాయ గురించి చెప్పక్కర్లేదు. దారి బాగానే కనిపిస్తుంది, ఆగి చూస్తే టైరు చుట్టూ గోధుమరంగు కాయలు గుచ్చుకుని ఉంటాయి. ట్యూబు టైరైతే అవి పీకకముందే సగం గాలి పోయి ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా మొండిది, లోపలే విరిగి, ట్యూబు మార్చాక మళ్ళీ గుచ్చుతుంది. ట్యూబ్‌లెస్‌లో సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) ఉంటే ముల్లు పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పితే తెల్లగా నురగ కట్టి కాసేపటికి ఆగిపోతుంది. రిమ్ ట్యూబ్‌లెస్‌కు పనికిరాకపోతే, మోటార్‌సైకిల్ తరహా వాల్వు ఉన్న ట్యూబులో వాల్వు కోర్ విప్పి సీలెంట్ పోసుకోవచ్చు. అంత బాగా పనిచేయదు గానీ నడుస్తుంది. మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, వేసవిలో రెండు నెలలకోసారైనా విప్పి చూడాలి.

కొత్తది కొనడం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. డబ్బుంటే హాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, అది కలిసొచ్చేదే. వారంటీ చాలావరకు మొదటి యజమానికే వర్తిస్తుంది కాబట్టి ఫ్రేము విరుగుతుందన్న భయం ఉండదు. కానీ షాపు గడప దాటగానే ధర పడిపోతుంది. ఏడాదిలో మళ్ళీ మనసు మారే రకమైతే ఆ నష్టం ప్రతిసారీ మనదే.

నా మొగ్గు మూడోదాని వైపు. ఇరవై వేల సైకిల్ మీద ఇంకో ముప్పై, నలభై పెట్టాలని కూర్చున్నవాళ్ళు, ఆ సైకిల్ అమ్మిన డబ్బూ ఇదీ కలిపి, ఎయిర్ ఫోర్కు, త్రూ యాక్సిల్, హైడ్రాలిక్ బ్రేకులు అన్నీ ఉన్న 29 అంగుళాల హార్డ్‌టెయిల్ సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మేలు. పక్కవాళ్ళు పిచ్చితో పైమెట్టుకు పోతున్నారు కాబట్టే అలాంటివి బయటికొస్తాయి. మన ఊళ్ళో అవి తక్కువ. బెంగళూరు, చెన్నైలలో ఎక్కువ, రెండూ బస్సులో పోయి చూసి రాగలిగే దూరమే. ఫొటో చూసి డబ్బు పంపొద్దు, పోయి చూడాలి.

"ఒక్కసారి కూడా మట్టిలో దిగలేదన్నా, అపార్ట్‌మెంట్‌లోనే పెట్టినా" అని అమ్మేవాళ్ళు అంటారు. సరే అని ఫోర్కు కాళ్ళ మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగండి. గోటికి గీత తగిలితే సీలు పోయే రోజు దగ్గరే. చైన్ మీద అడుగు స్కేలు పెట్టండి. ఒక పిన్ను సున్నా దగ్గర ఉంటే దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైన్ అయిపోయినట్టు, క్యాసెట్ కూడా అరిగి ఉండొచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపితే హెడ్‌సెట్‌లో (ముందు గొట్టంలో ఫోర్కు తిరిగే బేరింగులు) లూజు తెలుస్తుంది. ముందు గొట్టం కింద, పెడల్ ఇరుసు దగ్గర వెల్డింగుల మీద సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. వెంట్రుకలాంటి చీలిక కనిపిస్తే బేరం అక్కడితో ఆపి బస్సెక్కేయాలి. ఒరిజినల్ బిల్లు లేకపోతే నేనైతే కొనను, దొంగ సైకిళ్ళు తిరుగుతుంటాయి.

ముందూ వెనకా షాక్ ఉండే ఫుల్ సస్పెన్షన్ మీద చాలామందికి కన్ను. లక్షన్నర దాటి పెట్టే ముందు ఎక్కడ తొక్కుతామో చూసుకోవాలి. శేషాచలం కొండలు ఎదురుగా ఊరిస్తుంటాయి గానీ అవి 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్, ఎర్రచందనం కాపలా, చిరుతల సంచారం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి దూరకూడదు. మనకు రోజూ మిగిలేది కళ్యాణి డ్యామ్ రోడ్డు, రాయలచెరువు కట్ట, చిత్తూరు వైపు తోటల ఎర్రమట్టి దారులు. వాటికి 100 నుంచి 120 మిల్లీమీటర్ల ముందు ఫోర్కు చాలు. పైగా వెనక షాక్, పివట్ బేరింగులు విప్పి చేసే మెకానిక్ కోసం ఎక్కువగా బెంగళూరు దాకా పోవాలి.

పాతది ఉంచుకుని ఇంకోటి కొనడం మాత్రం ఇంట్లో స్థలం, ఇంటావిడ ఓపిక ఉన్నవాళ్ళ సంగతి.

అమ్మేటప్పుడు ఒక్క పని చేయండి. సైకిల్‌తో వచ్చిన పాత టైర్లు, పెడల్స్, సీటు పారేయకుండా దాచి ఉంటే, వాటినే తిరిగి బిగించి సైకిల్ అమ్మండి. కొనేవాళ్ళు మోడల్ పేరు, ఏ సంవత్సరానిదో చూసి ధర కడతారే గానీ మీరు వేసిన మంచి టైర్లకు అదనంగా ఇవ్వరు. అవి కొత్త సైకిల్ చక్రం కొలతకు సరిపోతే అందులో వేసుకోవచ్చు, లేదంటే విడిగా అమ్ముకోవచ్చు.