జాగ్రత్త: ‘బ్రైడల్ స్మైల్’ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పెళ్లి ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. బ్యూటీ పార్లర్ల ప్యాకేజీల్లో ఫేషియల్, హెయిర్ స్పాల పక్కన ఇప్పుడు పళ్లు తెల్లబరిచే ‘స్మైల్ వైటెనింగ్’ కూడా చేరింది. ఇంకోపక్క ఫోన్ తెరిస్తే చాలు, నీలం లైటుతో వచ్చే కిట్ల యాడ్‌లు. ఇంట్లో చేసుకోవడం మేలా, బయట చేయించుకోవడం మేలా అని చాలామంది అడుగుతున్నారు. మా చెల్లెలు రెండూ చూసింది. రెండింటితోనూ బాధే మిగిలింది. ఇంకెవరికీ అలా జరగకూడదని రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా. బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం. మా ఊరి వైపు చాలామందికి ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు, సుద్ద రాసినట్టు తెల్ల మచ్చలు ఉంటాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే, చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే దాని గట్టి పైపొర, అంటే ఎనామెల్, దెబ్బతిని ఈ మచ్చలు వస్తాయి. ఆంధ్రలో కనిగిరి వైపు వాళ్లకూ ఈ బాధ తెలుసు. బ్రష్‌తో తోమితే పోవడానికి ఇవి పైన పట్టిన మరకలు కావు. మా చెల్లెలి దగ్గర డబ్బులు తీసుకున్నవాళ్లెవరూ ఆ పళ్లను ఒక్క నిమిషం చూసి ఈ మాట చెప్పలేదు. నా కోపమంతా దాని మీదే.

నిశ్చితార్థానికి ముందు తను ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించుకుంది. ధర 1,499 రూపాయలు. పెట్టెలో జెల్ సిరంజిలు, నోట్లో పెట్టుకునే రబ్బరు ట్రే, దానికి తగిలించే చిన్న నీలం లైటు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘ఎనామెల్ సేఫ్’ అని ఉంది. తయారు చేసిన కంపెనీ అడ్రసు లేదు. జెల్‌లో ఏముందో, ఎంత శాతం ఉందో లేదు. ఎక్స్‌పైరీ తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. మన దేశంలో అమ్మే ఏ కాస్మెటిక్ మీదైనా తయారీదారు పేరు, అడ్రసు, అందులో వాడిన పదార్థాలు, బ్యాచ్ నంబరు ఉండాలి. విదేశాల నుంచి తెచ్చిందైతే దిగుమతి రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్‌లో ఇది స్పష్టంగా ఉంది. ఆ పెట్టె మీద వీటిలో ఒక్కటీ కనిపించలేదు.

ఆ ట్రే ఎవరి నోటికి తగ్గట్టు చేసింది కాదు. అందరికీ ఒకటే సైజు. కొరికిపట్టగానే జెల్ పక్కలకు కారి చిగుళ్ల మీద పడుతుంది. రెండో రోజుకే చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమని లాగడం మొదలైంది. అమ్మకందారుకు మెసేజ్ పెడితే ‘ఇది నార్మల్ మేడం, కంటిన్యూ చేయండి’ అని జవాబు. ఇంకో ఆఫర్ లింకు కూడా పంపారు.

తను కిట్ మానేసింది. ‘ఇంట్లో చేసుకుంటే ఇలాగే అవుతుంది, ప్రొఫెషనల్స్ దగ్గరికి వెళ్లు’ అని ఫ్రెండ్స్ చెప్పారు. అలా హైదరాబాద్‌లో ఒక బ్యూటీ క్లినిక్‌కు వెళ్లింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. బోర్డు మీద ‘క్లినిక్’ అని ఉంది, లోపల తెల్లకోటు వేసుకున్న అమ్మాయిలు ఉన్నారు, గోడ మీద పళ్ల ఫొటోలు ఉన్నాయి. ప్యాకేజీ 6,000 రూపాయలు, ఒకే సిట్టింగ్, ‘లేజర్ వైటెనింగ్’ అన్నారు. లేజర్ అని చెప్పింది మామూలు ఎల్‌ఈడీ లైటు.

పెదవులు వెడల్పుగా తెరిచి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి, లేబుల్ లేని సిరంజితో జెల్ రాశారు. డెంటిస్టులైతే ఘాటైన జెల్ రాసే ముందు చిగుళ్ల అంచున పేస్టు లాంటి పదార్థం పూసి, లైటుతో గట్టిపరిచి అడ్డుగోడ కడతారు. ఇక్కడ అదేమీ లేదు, కాస్త దూది పెట్టారంతే. మంట పుడుతోందని తను చేయి పైకెత్తితే ‘కొంచెం ఓర్చుకోండి మేడం, పని చేస్తోందని అర్థం’ అన్నారట. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే పై చిగురు అంచంతా పాలిపోయి తెల్లగా ఉంది. రాత్రికి కుడివైపు ఒక పన్ను చెవి దాకా లాగేసింది. “అన్నా, గాలి పీల్చినా పన్ను గుంజుతుంది” అని ఫోన్ చేసి ఏడ్చింది.

మర్నాడు డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ఎక్స్‌రే తీసి చూపించారు. నొప్పి లేస్తున్న చోట రెండు పళ్ల సందున పైకి కనబడని పిప్పి ఉంది. జెల్‌లో పళ్లను తెల్లబరిచే పెరాక్సైడ్ అనే రసాయనం అక్కడి నుంచి లోపలి నరాన్ని రేపింది. చిగురు తెల్లబడటం కెమికల్ కాలిన గాయమని, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుందని చెప్పారు, తగ్గింది కూడా. చారల సంగతే బాధాకరం. గోధుమ రంగు అలాగే ఉంది, తెల్ల మచ్చలు మాత్రం మునుపటికన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఇలా ఫ్లోరైడ్ మచ్చలున్న (ఫ్లోరోసిస్) పళ్లను చూడకుండా బ్లీచ్ చేస్తే మొదట్లో ఇలా అవుతుందట.

“అమ్మా, రంగు ఎందుకు మారిందో తెలుసుకోకుండా జెల్ రాయకూడదు” అన్నారావిడ. అసలు విషయం ఇదే. టీ, గుట్కా, సిగరెట్ మరకలూ గారా అయితే క్లీనింగ్, పాలిషింగ్‌తోనే చాలావరకు పోతాయి, బ్లీచింగ్ అక్కర్లేకపోవచ్చు. వయసుతో వచ్చిన పసుపు బ్లీచింగ్‌కు బాగా లొంగుతుంది. రూట్ కెనాల్ చేసి నల్లబడ్డ పన్నుకు లోపలి నుంచి బ్లీచ్ చేయాలి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందులు వాడి బూడిద రంగు వచ్చిన పళ్లకు నెలల తరబడి పట్టొచ్చు. క్యాపులు, ముందు పళ్లలో పెట్టిన సిమెంటు ఫిల్లింగులు అసలు తెల్లబడవు. చుట్టూ ఉన్న పళ్లు తెల్లబడి అవి మాత్రం పాత రంగులో ఉండిపోతే పెళ్లి ఫొటోల్లో మొదట కనిపించేది అవే.

సిట్టింగ్ అవగానే చూపించే ‘బిఫోర్, ఆఫ్టర్’ ఫొటోలను కూడా నమ్మకండి. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే ఉమ్మి తగలక పళ్లు ఆరిపోతాయి. ఆరిన పన్ను ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. తడి తిరిగి చేరాక ఆ తెలుపులో కొంత పోతుంది. నిజమైన షేడ్ ఒకటి రెండు వారాల తర్వాతే తెలుస్తుంది. నీలం లైటు వల్ల ఎక్కువ కాలం నిలిచే అదనపు తెలుపు వస్తుందని గట్టి ఆధారాలు లేవు. పని చేసేది జెల్.

మరి ఇంట్లో చేసుకోకూడదా? చేసుకోవచ్చు, డెంటిస్టు చూసి ఇస్తే. మన పళ్ల అచ్చు తీసి, మన నోటికే సరిపోయే పల్చటి ట్రే చేసి, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇస్తారు. అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. రాత్రిపూట పెట్టుకుని పడుకోవాలి, రంగు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. 1989లో హేవుడ్, హైమన్ అనే అమెరికా డెంటిస్టులు ప్రచురించిన పద్ధతి ఇది, అప్పటి నుంచీ వాడుకలో ఉంది. డెంటల్ క్లినిక్ కుర్చీలో వాడే జెల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 35, 40 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఫలితం తొందరగా వస్తుంది, జివ్వుమనడం కూడా ఎక్కువ. టైమ్ ఉంటే ట్రే పద్ధతే మేలని నా అభిప్రాయం. ఏదైనా ఒక పన్ను లాగితే ఆ రాత్రికి మానేయవచ్చు, కుర్చీలో ఆ వెసులుబాటు తక్కువ.

యూరప్‌లో 2012 నుంచి 0.1 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్ వైటెనింగ్ సరుకును నేరుగా జనానికి అమ్మకూడదు. 6 శాతం వరకు డెంటిస్టు చేతుల మీదుగానే వాడాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకు వాడకూడదు. మన దగ్గర అదే ఘాటు జెల్ ఫోన్‌లో ఆర్డర్ చేస్తే ఇంటికొస్తోంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే, పళ్లకు అంటించుకునే వైటెనింగ్ స్ట్రిప్స్ అయినా సరే, పిప్పి పళ్లు, చిగుళ్ల జబ్బు లేవని ఒకసారి చూపించుకున్నాకే వాడండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది.

నిమ్మరసం, వంటసోడా, బొగ్గుపొడి చిట్కాల గురించి ఒక్క మాట. నిమ్మరసం ఎనామెల్‌ను కరిగిస్తుంది, బొగ్గుపొడి గీరుతుంది. ఎనామెల్ మళ్లీ పెరగదు. దాని కింద ఉండే డెంటిన్ రంగే పసుపు. పైపొర పల్చబడేకొద్దీ పన్ను ఇంకా పసుపుగా కనిపిస్తుంది.

డబ్బు కట్టే ముందు చేసేవాళ్ల డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చట్టం ప్రకారం రిజిస్టరైన డెంటిస్టులే పంటి వైద్యం చేయాలి. మా చెల్లెలు వెళ్లిన చోట ఈ ప్రశ్న వేస్తే ‘మా దగ్గర సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లున్నారు’ అన్నారు. అలాంటి జవాబు వస్తే లేచి వచ్చేయండి. జెల్ పేరు, శాతం బిల్లు మీద రాయమనండి. ఖర్చుకు భయపడేవాళ్లు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో ముందు చూపించుకోవచ్చు.

పెళ్లి ఉంటే వారం ముందు పరుగెత్తకండి, రెండు మూడు నెలల ముందే వెళ్లండి. బ్లీచింగ్ అయిన వెంటనే కొత్త ఫిల్లింగ్ సరిగా అతుక్కోదు, కనీసం రెండు వారాలు ఆగాలి. మా చెల్లెలికి ముందు పిప్పి పన్నుకు తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టారు. నొప్పి పూర్తిగా తగ్గాక ట్రే మొదలుపెట్టి, తర్వాత చారలున్న పైపొరను చాలా సన్నగా అరగదీసే మైక్రో అబ్రేషన్ చేస్తామన్నారు. చారలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేమని కూడా ముందే చెప్పారు. ఆ మాట చెప్పినందుకే మాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

బ్యూటీ క్లినిక్ వాళ్లు డబ్బు తిరిగి ఇవ్వలేదు. ‘మీ పళ్లే అలాంటివి’ అన్నారు. బిల్లు, చిగుళ్ల ఫొటోలు, చాట్, డెంటిస్టు రాసిచ్చిన కాగితం పెట్టి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాం. కిట్ విషయం మందులు, కాస్మెటిక్స్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు రాశాం. మీకూ ఇలా జరిగి ఉంటే సిరంజి, పెట్టె పారేయకండి. గాయం మానకముందే ఫొటో తీసి పెట్టుకోండి, అదే రోజు డెంటిస్టుకు చూపించి రాతపూర్వకంగా తీసుకోండి.