20 కిలోల హోమ్ జిమ్ సెట్: చేతులకు సరే, కాళ్ల సంగతేంది?

హన్మకొండలో నయీంనగర్, కిషన్‌పుర, సుబేదారి దిక్కు రూముల్లో ఉండి చదువుకునే పిల్లలు కండ పెంచుదామనుకుంటే ముందుగా కొనేది ఈ సెట్టే. నల్ల ప్లాస్టిక్ ప్లేట్లు, మూడడుగుల వంకర రాడ్, రెండు డంబెల్ రాడ్లు, ఒక జత గ్లౌజులు, స్కిప్పింగ్ తాడు, చేత్తో నొక్కే స్ప్రింగు ఉంటాయి. ఆన్‌లైన్‌లో తెప్పించినా, హన్మకొండలో స్పోర్ట్స్ దుకాణానికి పోయి కొన్నా ధర రెండు వేలకు అటూ ఇటూ. పెట్టె మీద పేరు మారుతుందే గాని లోపలి సరుకు పెద్దగా మారదు. కాబట్టి ఇది ఏ ఒక్క బ్రాండు రివ్యూ కాదు, ఈ రకం సెట్లన్నిటిదీ.

కొనొచ్చా అంటే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొనొచ్చు. నాలుగైదు నెలలు పని జరుగుతుంది. కానీ పెట్టెలో ఉన్నది ఉన్నట్టు వాడితే రెండో నెలకే ఆగిపోతారు. కారణం 20 కిలోలు తక్కువ కావడం కాదు. ఆ 20 కిలోలను ముక్కలు చేసిన తీరులోనే తిప్పలుంది.

ఎక్కువ సెట్లలో 5 కిలోల ప్లేట్లు రెండు, రెండున్నర కిలోలవి నాలుగు వస్తాయి. రాడ్డుకు రెండు పక్కలా సమానంగా ఎక్కించాలి గనక మీకు దొరికే బరువులు 5, 10, 15, 20. అంటే ప్రతి మెట్టూ 5 కిలోలు. కొత్తవాడు తల మీదికి ఎత్తే ప్రెస్ 10 కిలోలతో సాఫీగా చేస్తున్నాడనుకోండి, తర్వాతి మెట్టు 15. ఒక్కసారిగా సగం బరువు పెరిగినట్టు. భుజం ఒప్పుకోదు, నడుము వెనక్కి వంచి ఎత్తేస్తాడు, వారానికి నడుము పట్టేస్తుంది. డంబెల్స్ పరిస్థితి ఇంకా అన్యాయం. రెండూ సమానంగా కావాలంటే ఒక్కోదానికి రెండున్నరవి రెండు, అంటే 5 కిలోలు. గంతే. 5 కిలోల ప్లేట్లు రెండే ఉన్నాయి కాబట్టి అవి ఒక డంబెల్‌కే సరిపోతాయి.

దీనికి మందు చాలా చవక. 1.25 కిలోల ఇనుప ప్లేట్లు నాలుగు విడిగా కొనండి. అవి దొరక్కపోతే కిలోవి కొనండి. ఇనుము కిలో లెక్కన అమ్ముతారు, మొత్తం ఐదు కిలోలే. దాంతో రాడ్డు మీద రెండున్నర కిలోల మెట్లు వస్తాయి, పైన 25 దాకా పోవచ్చు. డంబెల్స్ జతగా 2.5, 5, 7.5 అవుతాయి. దుకాణానికి పోయేటప్పుడు మీ రాడ్‌ను చేతిలో పట్టుకెళ్లండి. ప్లేటు రంధ్రం రాడ్డుకు తగ్గట్టు ఉందో లేదో అక్కడే ఎక్కించి చూడాలి. జిమ్ముల్లో వాడే ఒలింపిక్ ప్లేట్లకు 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, అవి దీనికి గలగలలాడతాయి.

ఇక ప్లేట్ల నాణ్యత. పీవీసీ డొల్లలో సిమెంటు, ఇసుక లాంటి పొడి పోసి అంచు అతికించినవి ఇవి. రాసిన బరువు, ఉన్న బరువు ఒకటే అని నమ్మొద్దు. తేగానే కిరాణా దుకాణం కాంటా మీద ఒక్కొక్కటీ పెట్టి చూసి, మార్కర్‌తో అసలు బరువు రాసుకోండి. వంద గ్రాములు తక్కువైతే కండకు వచ్చే నష్టమేమీ లేదు. కానీ కుడి పక్క బరువెక్కువై ఎడమ పక్క తక్కువైతే రాడ్ ఒరుగుతుంది, మణికట్టు మెలిపడుతుంది. దగ్గరి బరువులున్నవాటిని జత చేస్తే చాలు. కొన్ని సెట్లలో రాడ్ల బరువు కూడా ఆ 20లోనే కలిపేసి ఉంటుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఎత్తు నుంచి పడేస్తే అతుకు విడిపోయి పొడి రాలుతుంది. మేడ మీద ఎండలో వదిలేసినా ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, వరంగల్ మే నెల ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కింద మడత పెట్టిన గోనె సంచులు రెండు పరిస్తే ప్లేట్లూ బతుకుతాయి, ఓనర్ టైల్సూ బతుకుతాయి.

సెట్ మొత్తంలో నిజంగా జాగ్రత్తపడాల్సింది నట్ లాకుల దగ్గర. కర్ల్ (మోచేయి మడిచి బరువును పైకెత్తడం) చేస్తున్నప్పుడు అవి మెల్లగా వదులవుతాయి. ఒక పక్క ప్లేటు జారి పడితే రెండో పక్క బరువుకు రాడ్ గిర్రున తిరుగుతుంది, కాలి వేళ్లకు తగిలినా, ముఖానికి తగిలినా పెద్ద దెబ్బే. రాడ్ ఎత్తే ప్రతిసారీ ముందుగా రెండు నట్లనూ చేత్తో బిగించడం అలవాటు కావాలి. మరలో చెమట, దుమ్ము చేరితే నట్ సగంలో పట్టేసి బిగిసినట్టు అనిపిస్తుంది, నిజానికి బిగియదు. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, మరకు ఒక చుక్క నూనె పెట్టండి.

వంకర రాడ్ మంచిదే, మణికట్టుకు సుఖం. కానీ మూడడుగుల పొడవుతో దాన్ని మెడ వెనక పెట్టుకొని బస్కీలు తీయడం, బల్ల మీద పడుకొని ఛాతికి ప్రెస్ చేయడం రెండూ తగవు. చేతులు మరీ దగ్గరికొస్తాయి, పైగా అలిసిపోతే రాడ్ దించుకోవడానికి స్టాండ్ ఉండదు. గ్లౌజులు మూడు వారాల్లో కుట్లు ఊడతాయి, ఊడినా ఫరవాలేదు. తాడు వార్మప్‌కు పనికొస్తుంది, మూడు నిమిషాలు చాలు.

కాళ్ల దగ్గరికొస్తే ఈ సెట్ చేతులెత్తేస్తుంది. 55 కిలోల మనిషి కాళ్లు రోజంతా ఆ 55 కిలోలను మోస్తూనే ఉంటాయి. దానికి 20 కలిపితే రెండు వారాల తర్వాత తొడకు పని చెప్పినట్టే ఉండదు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీల కాళ్లు చూడండి, ఆ బలం చేతిలో పట్టుకున్న డంబెల్‌తో వచ్చింది కాదు. అందుకని పని ఒక్క కాలి మీదికి మార్చాలి. వెనక కాలి పాదాన్ని మోకాలి ఎత్తుకు మించని గట్టి బల్ల మీద పెట్టి, ముందు కాలును రెండడుగుల ముందుకు వేసి, వెనక మోకాలు నేలకు తాకీ తాకనట్టు దిగి లేవాలి. ప్లాస్టిక్ స్టూలు మాత్రం వద్దు, జారుతుంది. బరువులు లేకుండా కాలికి 15 వచ్చాక చేతుల్లో డంబెల్స్ పట్టుకోండి, తర్వాత ప్లేట్లు వేసిన బ్యాగును ఛాతికి తగిలించుకోండి. తొడ వెనక భాగానికి ఒక చేయి గోడకు ఆనించి, రెండో చేతిలో 15 కిలోల డంబెల్ పట్టుకొని, ఒంటికాలి మీద ముందుకు వంగి లేవడం. వీపు వంగకూడదు, వంగేది తుంటి దగ్గరే.

ఛాతికీ ఇదే యుక్తి. 5 కిలోల డంబెల్స్‌తో నేల మీద ప్రెస్ చేయడం కన్నా, టవల్ చుట్టిన 5 కిలోల ప్లేట్లు రెండింటినీ కాలేజీ బ్యాగులో వేసి వీపు పైభాగాన గట్టిగా బిగించి దండీలు తీస్తే ఎన్నో రెట్లు పని జరుగుతుంది. వీపుకు మాత్రం ఈ సెట్ బాగా సరిపోతుంది. ముందుకు వంగి 20 కిలోల రాడ్‌ను బొడ్డు దగ్గరికి లాగడం కొత్తవాళ్లకు నెలల తరబడి చాలుతుంది. ఒంటి ఊపుతో లాగితే నడుముకు పని, వీపుకు సెలవు.

వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర. ప్రతిసారీ బ్యాగు దండీలు, రాడ్ లాగుడు, తల మీదికి ప్రెస్, ఒంటికాలి బస్కీలు, తొడ వెనక వ్యాయామం, చివర్లో కర్ల్. ఒక్కోటి 3 సెట్లు (విడతలు), సెట్‌కు 8 నుంచి 15 సార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. గంటలోపు అయిపోతుంది. మూడు సెట్లూ 15 చొప్పున శుభ్రంగా వచ్చిన రోజు తర్వాత రెండున్నర కిలోలు కలపండి, రెప్స్ (ఎత్తే సార్లు) మళ్లీ 8కి దిగుతాయి, దిగనివ్వండి. బరువు పెంచే వీలు లేనిచోట రెప్స్ 25 దాకా తీసుకుపోయినా కండ పెరుగుతుంది. షరతు ఒక్కటే, ఆపేటప్పటికి ఇంకో రెండు మూడు కంటే ఎక్కువ తీసే శక్తి మిగలకూడదు. దించేటప్పుడు మూడు లెక్కపెడుతూ దించితే అదే బరువు ఇంకా కష్టమవుతుంది. ఏం ఎత్తారో, ఎన్ని తీశారో నోట్‌బుక్కులో రాసుకోకపోతే ఇదంతా గాలిలెక్కే.

వంకర రాడ్ ఇచ్చారు కదా అని రోజూ కర్ల్స్ ఒక్కటే కొట్టడం ఈ సెట్ చేయించే పెద్ద తప్పు. బైసెప్స్ చిన్న కండ. ఒంటి మీద కనిపించే నిండుదనం వీపు, ఛాతి, తొడల నుంచే వస్తుంది.

జిమ్ ఫీజులో మిగిలిన పైసలు ఎటు పోవాలంటే తిండికి. కండ పెరగడానికి కిలో బరువుకు రోజుకు దాదాపు 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్క వేసుకోండి. 55 కిలోలకు 88 గ్రాములు. మెస్‌లో పప్పు, అన్నం, పెరుగు మూడు పూటలా తింటే పాతిక, ముప్పై గ్రాములు వస్తాయి. మిగతాది మీరే తెచ్చుకోవాలి. మూడు గుడ్లకు 18 గ్రాములు. పాలు అర లీటరుకు 16, ములుకనూరు మహిళా డెయిరీ వాళ్ల స్వకృషి పాలైనా, ఇంకో ప్యాకెట్ అయినా లెక్క ఒకటే. పల్లీలు 50 గ్రాములకు 12. మీల్‌మేకర్ పొడిగా 50 గ్రాములు తూచుకుంటే 26. ఇవన్నీ కలిపితే వంద దగ్గరికి వస్తుంది, ఏ డబ్బా పొడీ అక్కర్లేకుండానే. మీల్‌మేకర్ వాసన పడనివాళ్లు ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, చల్లనీళ్లలో కడిగి మళ్లీ పిండండి. తర్వాత టమాట, అల్లంవెల్లుల్లి వేసి వేయిస్తే కూర రుచే వస్తుంది. పల్లీల్లో ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. ఆదివారం బాయిలర్ కోడి తెస్తే ఎముకతో పావుకిలోకు 40 గ్రాముల దాకా లెక్కేసుకోవచ్చు.

ప్రోటీన్ సరిపోయినా మొత్తం తిండి తక్కువైతే బరువు పెరగదు, సన్నగా ఉండేవాళ్ల అసలు బాధ ఇదే. రోజూ తినేదానికి 250, 300 కేలరీలు ఎక్కువ కావాలి. అదనంగా ఒక పెద్ద సర్వపిండి, లేదా ఒక జొన్నరొట్టె, గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు. కడుపు నిండిపోతుందనేవాళ్లు తాగే రూపంలో తీసుకోండి, పాలు, అరటిపండు, పల్లీలు మిక్సీ పట్టి. వారానికోసారి పొద్దున, ఏమీ తినకముందు బరువు చూడండి. నెలకు అరకిలో నుంచి కిలో పెరిగితే దారి సరిగ్గా ఉన్నట్టు. రెండు వారాలు కదలకపోతే ఇంకో రొట్టె కలపండి. నెలకు రెండు కిలోలు దాటుతుంటే చూసుకోండి, పెరిగేది నడుము చుట్టూనే.

సెట్‌తో పాటు అంటగట్టే మాస్ గెయినర్ డబ్బా తీసుకోవద్దు. దాంట్లో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, పల్లీపట్టీ తింటే తక్కువ పైసల్లో అంతకన్నా మేలు. వే ప్రోటీన్ (పాల విరుగుడు నీళ్ల నుంచి తీసే పొడి) చెడ్డదేమీ కాదు, గుడ్లు పాలు అందనివాళ్లకు సౌలభ్యం. పొడుల్లో నిజంగా పనిచేస్తుందని గట్టిగా తేలింది క్రియాటిన్, రోజుకు 3 నుంచి 5 గ్రాములు. మొదటి వారాల్లో పెరిగే కిలో నీళ్ల బరువని తెలుసుకొని వాడాలి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు.

ఎవరికి వద్దంటే, ఇప్పటికే జిమ్‌లో 40 కిలోలతో బస్కీలు తీస్తున్నవాళ్లకు ఇది ఆటబొమ్మ. పుల్లప్స్ తీయాలనుకునేవాళ్లకు కూడా దీంట్లో ఏమీ లేదు, కడ్డీ ఉన్న గ్రౌండ్ వెతుక్కోవాల్సిందే. 30 కిలోల సెట్ కొనాలా అంటే, దాంట్లో చిన్న ప్లేట్లు లేకపోతే ఈ 20 కిలోలదే కొని, మిగిలిన పైసలకు 1.25వి తెచ్చుకోండి.

కొత్తదే కొనాలని కూడా లేదు. పరీక్షలయ్యాక రూములు ఖాళీ చేసేవాళ్లు ఈ సెట్లను మోసుకుపోలేక సగం ధరకే ఇచ్చేస్తుంటారు. తీసుకునేటప్పుడు మూడే చూడండి. మూడు జతల నట్లూ చివరిదాకా తిరుగుతున్నాయా, డంబెల్ రాడ్లను నేల మీద దొర్లిస్తే ఎగరకుండా పోతున్నాయా, ప్లేటును చెవి దగ్గర ఊపితే లోపల పొడి గలగలమంటోందా. గలగలమంటే అది పగిలే ముందు ప్లేటు, ఆ జతకు పైసలు కట్టివ్వొద్దు.